మా ఊరు కొండైన వైనం

తూర్పు కనుమల గురించి నాకొక అనుమానం ఉండేది. అది ఐదో తరగతిలో పుట్టింది. నా జుట్టుతో పాటు నెరిసింది కాని మొన్నమొన్నటి దాకా తీరలేదు.

కామేశం మాస్టారు గోడకి పటం తగిలించి, బెత్తం కొసని కొండల మీద నడిపిస్తూ, "పడమటి కనుమలు ఒకటే వరస. మన తూర్పు కనుమలు అలా కాదు, అక్కడక్కడా తెగిపోయి ఉంటాయి" అని చెప్పారు. నేను లేచి, "తెగిపోయిన కాడ ఏటుంటాది మేస్టారూ?" అన్నాను. "ఏమీ ఉండదు, కూర్చో" అన్నారు. పరీక్షలో అదే రాశాను. మార్కు పడింది.

బడి వదిలాక బయటికొచ్చి చూశాను. ఉత్తరాన కొండ. దక్షిణాన కొండ. మధ్యలో తెగిపోయిన చోట మా సందివలస. అంటే మా బడి, మా ఇల్లు, మా అమ్మ పెట్టే చద్దన్నం, కామేశం మాస్టారు, ఆయన బెత్తం, అందరం ఏమీ లేని చోట ఉన్నామన్నమాట. భగవంతుడు లేని చోటు లేదని మా నాన్న రోజూ భజనలో పాడేవాడు. ఏమీ లేని చోటు ఒకటుందని పుస్తకం చెప్పేది. రెండింటిలో ఏది నిజమో అడుగుదామంటే ఎవరూ దొరకలేదు. నేను అంతటితో చదువు ఆపి నాగలి పట్టాను.

కొండల సందులో ఉన్న ఊరు కనక మాకు గాలెక్కువ. తలుపులకి గొళ్లాలు ఆగవు. ఆ గాలి వల్లే మా ఇంట్లో ఒక రాయి ఉండిపోయింది. దాని సంగతి ముందే చెప్పాలి.

ఊరికి తూర్పున, పాత బండిదారి పక్కన రాళ్లమ్మ ఉంది. గుడి లేదు, విగ్రహం లేదు. రాళ్ల పోగే అమ్మవారు. పూర్వం ఆ సందు దాటి పోయేవాళ్లు, క్షేమంగా తిరిగొస్తే ఒక రాయి వేస్తామని మొక్కుకునేవారు. తిరిగొచ్చి వేసేవారు. రోగాలకైనా, కాన్పులకైనా అంతే. కట్టడి ఒక్కటే. మొక్కు లేకుండా రాయి వెయ్యకూడదు. మొక్కు లేని రాయి అమ్మవారి మీద విసిరిన రాయితో సమానం.

నాకు నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చి ఎంతకీ దిగలేదట. బెల్లంతో తులాభారం తూయించే స్తోమత మా నాన్నకి లేదు. "నా కొడుకు బతికితే ఆడి బరువు రాయి నీకు తెచ్చి ఏస్తాను తల్లీ" అని మొక్కుకున్నాడు. జ్వరం దిగింది. కొండ మీంచి మంచి నల్లరాయి తెచ్చి, ధాన్యం కాటాలో నన్నొక పక్క, దాన్నొక పక్క పెట్టి తూచాడు. తెల్లారాక పట్టుకెళ్దామనుకున్నాడు. ఆ రాత్రి గాలికి పెరటి తలుపు దబదబా కొట్టుకుంది. ఎన్నాళ్లకో నేను కంటినిండా నిద్రపోతున్నాను. లేచిపోతానేమోనని మా అమ్మ ఆ రాయి తలుపుకి అడ్డం పెట్టింది. "ఈ ఒక్క రేత్రికే" అంది.

రాయి అక్కడే ఉండిపోయింది. నాన్న పోయాడు. అమ్మ పోయింది. నా భార్య నూకరత్నం మా మేనమామ కూతురే కనక దానికీ కథ చిన్నప్పట్నుంచీ తెలుసు. ఏటా అమ్మవారి పండగనాడు రాయికి పసుపు రాసి, "బావా, ఈ ఏడైనా పట్టుకెల్లు" అంటుంది. అలాగే అంటాను. ఆ ఏడూ గాలి వీస్తుంది.

ఇక కొండల ఆఫీసు సంగతి.

దాని అసలు పేరు పర్వతశ్రేణుల నామకరణ, ఏకీకరణ ప్రాధికార సంస్థ. "ఒకే శ్రేణి, ఒకే పేరు" అన్నది వాళ్ల పథకం. పేరు లేని కొండ అనాథ అనీ, రెండు పేర్లున్న కొండని నమ్మరాదనీ జీపుకి మైకు కట్టి ఊరూరా చెప్పారు. మా ఊళ్లో ఆ జీపులోంచి ఉపసంచాలకులు పద్మనాభమూర్తి గారు దిగారు. తాటిచెట్టంత మనిషి. వెనకే గొడుగు పట్టుకుని సర్వేయరు జగ్గారావు. ఆయన అధికారి మోచేతి దాకా వస్తారు.

రామకోవెల అరుగు మీద కుర్చీ వేశాం.

"ఉత్తర దిశయందున్న పర్వతము పేరేమి?" అన్నారు పద్మనాభమూర్తి గారు.

"ఈ కొండ బాబూ" అన్నాడు మా సర్పంచి బంగార్నాయుడు.

"దక్షిణ దిశయందున్నది?"

"ఆ కొండ."

ఆయన రాసుకున్నారు. ఊరందరికీ వయసులో పెద్దవాడు తాతయ్యలు కర్ర ఊతంగా లేచాడు.

"ఆడికేటి తెలుసు బాబూ, ఆడిది ఉత్తరపు ఈధి. మా దక్షిణపు ఈధిలోంచి సూస్తే ఇది ఈ కొండ, అది ఆ కొండ."

పద్మనాభమూర్తి గారు కలం మూశారు. "ఒకే పర్వతము ఏకకాలమున ఈ కొండయు ఆ కొండయు అగుట సంస్థకు సమ్మతము కాదు."

"మీకేటి సమ్మతమో అదే ఎట్టీండి బాబూ. కొండేటీ అనదు" అన్నాడు తాతయ్యలు.

అప్పటికే కొండ వరసకి అటూ ఇటూ ఉన్న పల్లెల వాళ్లు కూడా వచ్చి ఉన్నారు. పడమటి పల్లెల వాళ్లకి సూర్యుడు ఆ కొండల మీంచి లేస్తాడు. వాళ్లు దాన్ని పొద్దుకొండ అంటారు. తూర్పు పల్లెల వాళ్లకి అక్కడే గుంకుతాడు. వాళ్లకది మాపుకొండ.

"పొద్దు పొడిసే కొండని పట్టుకుని మాపుకొండ అంతారేటి, కళ్లు కనపడవా?" అన్నాడొక పడమటివాడు.

"మీ పొద్దు పగలంతా తిరిగి మా ఇంటెనకాల పడుకుంటాది. ఆ సంగతి మీకు తెల్దు!" అన్నాడొక తూర్పువాడు.

చొక్కాలు పట్టుకునే వేళకి పద్మనాభమూర్తి గారు చెయ్యెత్తి, శ్రేణికి "శ్రీ ఉదయాస్తమయ సమన్వయ పర్వతశ్రేణి" అని పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. కొబ్బరికాయ కొట్టారు. అందరం చప్పట్లు కొట్టాం. విష్ణుమూర్తికి వెయ్యి పేర్లున్నా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, కొండకి రెండుంటే ఏమొచ్చిందని నాకు ఒక్క క్షణం అనిపించింది. కాని ఆయన చదువుకున్నవారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. జగ్గారావు గారు పటం మీద శ్రేణి పొడవునా ఎర్ర సిరాతో గీత గీస్తున్నారు. మా ఊరి దగ్గరకొచ్చేసరికి కలం లేపారు.

"ఏల లేపితివి?" అన్నారు అధికారి.

"ఇక్కడ కొండ లేదండి. ఊరుందండి."

"శ్రేణి అనగా ఎడతెగనిది. ఎడతెగినచో రెండు శ్రేణులగును. రెండైనచో రెండు పేర్లు. అప్పుడు పథకము పేరు మార్చవలసి వచ్చును." పటం మీదకి వంగి, "పథకము పేరు మార్చుట కన్న నేలను మార్చుట సులభము" అన్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మా సందివలస గ్రామాన్ని "లుప్త పర్వతము"గా గుర్తించారు. లుప్త పర్వతమంటే, ఉండి తీరవలసినదీ, కనిపించకపోవడం ఒక్కటే లోపంగా గలదీ అని కింద అర్థం ఇచ్చారు. అటు కొండ ఎత్తూ ఇటు కొండ ఎత్తూ కలిపి సగం చేసి మా ఊరికి ఎత్తు కట్టారు. రెండు వైపులా అన్యాయం జరగలేదు.

ఉత్తర్వు చదివి వినిపించడానికి వచ్చిన పద్మనాభమూర్తి గారిని, "కొండ కనపడదు కదా బాబూ, ఉందని ఎలగ నమ్మడం?" అని నేనే అడిగాను.

ఆయన నా మెడలో తులసిపూసలు చూశారు. "నీవు భక్తుడవు. కనిపించని దైవమును నమ్ముచున్నావు. కనిపించని కొండను నమ్ముటకు అభ్యంతరమేమి?"

నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చున్నా తోచలేదు. అలా అని నమ్మబుద్ధీ కాలేదు.

కొండ అవడం మొదట్లో సరదాగానే ఉంది. తిన్నటి రోడ్డు మీద "ప్రమాదకరమైన మలుపు" అని బోర్డులు పాతారు. మా బస్సు డ్రైవరు నిబంధన దాటని మనిషి. బోర్డు కనపడగానే స్టీరింగు అటు తిప్పి ఇటు తిప్పేవాడు. బస్సులో కోళ్లబుట్టలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పోయేవి. "ఘాటురోడ్డమ్మా, గట్టిగా పట్టుకోండి" అని కండక్టరు కేకలు. ఆడవాళ్లు నిమ్మకాయలు తెచ్చుకోవడం మొదలెట్టారు. బడిపిల్లలు ఆలస్యంగా వెళ్లి, "ఎక్కేసరికి ఇంతసేపైంది మేస్టారూ" అనేవారు. మేస్టారు హాజరు వేసేవారు.

ఎత్తు ప్రదేశంలో ఉన్నవాళ్ల ఊపిరి పరీక్షించమని నర్సమ్మని పంపారు. ఆమె తాతయ్యలుని, "తాతా, ఆయాసం వస్తందా?" అని అడిగింది.

"వస్తాదమ్మా. మా కోడలు కంచం ఎట్టినప్పుడు రాదు. ఎట్టడం మర్సిపోయినప్పుడు వస్తాది."

ఆమె "అవును" అని రాసుకుంది.

లెక్కలు కట్టగా శిఖరం బంగార్నాయుడి గొడ్లసాలలో, గేదె కట్టుకొయ్య దగ్గర తేలింది. అక్కడొక జెండా పాతారు. దాన్ని గేదె తినేసింది. మళ్లీ పాతారు. ఆ కబురు పేపర్లో పడేసరికి పట్నం నుంచి పర్వతారోహణ సంఘం వాళ్లు నడుములకి తాళ్లు కట్టుకుని దిగారు. ఊరి పొలిమేర నుంచి ఒకరినొకరు లాక్కుంటూ వచ్చారు. గొడ్లసాల గడపని చేతులతో పట్టుకుని దాటారు. ఒకాయన కన్నీళ్లు పెట్టుకుని, "ఇక్కణ్నుంచి చూస్తే మనిషి ఎంత అల్పుడో తెలుస్తుంది" అన్నాడు. గేదె అతని వంకే చూస్తోంది.

బంగార్నాయుడి భార్య అందరికీ మజ్జిగ ఇచ్చింది. "గాలి చాలా పలచగా ఉందమ్మా" అన్నారు వాళ్లు.

"మా అత్తగారు మజ్జిగ గురించీ అదే అంతాది బాబూ" అంది ఆవిడ.

మేమంతా నవ్వుకుంటూనే ఉన్నాం. ఆశ్వయుజ మాసం వచ్చింది. ఒకరోజు పొద్దున పార భుజాన వేసుకుని పొలానికి వెళ్తే, మా చేలకి నీరిచ్చే తూము మూసి ఉంది. కాలవ నిండుగా పారుతోంది. తూము మీద గొడుగేసుకుని, కాలవ కాపలా చూసే లస్కరు అసిరయ్య కూర్చున్నాడు.

"ఏరా అసిరీ, తూము దించీసినావేటి?"

"నానేటి సెయ్యను మావా. ఆర్డరొచ్చింది. మీ ఊరు కాలవ కన్నా ఎత్తంట. ఎత్తుకి నీరెక్కదంట."

"నిన్నటి దాకా వచ్చింది కదరా?"

"నిన్నటి దాకా వచ్చింది నీరు. ఇప్పుడొస్తే అది నీరు కాదంట, నేరమంట. మీరు మోటార్లెట్టి దొంగతనంగా కొండెక్కించినట్టంట." వాడు తల వంచుకున్నాడు. "నా సేనూ ఇందులోనే ఉంది కదా మావా. నా తూము నానే మూసుకున్నాను."

నేను గట్టెక్కి చేను చూశాను. చేను పొట్ట మీద ఉంది. పొట్ట మీదున్న చేనికి నీళ్లు లేవనడం, నెలలు నిండిన ఆడదానికి గుక్కెడు మంచినీళ్లు లేవనడం. అప్పటికే మడి నెర్రెలు తీయడానికి చూస్తోంది. రోజూ మబ్బులు వచ్చేవి. అటు కొండ మీదా ఇటు కొండ మీదా కురిసి, మా కొండ మీద మాత్రం కురవకుండా పోయేవి. మబ్బులకి ఉత్తర్వు అందలేదు కాబోలు.

ఇంటికొస్తే నూకరత్నం గాదె మూత తీసి అడుగు చూసుకుంటోంది. "ఈ పంట పోతే వచ్చే కోతల దాకా ఏటి తింటాం బావా?" అంది. ఊళ్లో ఎవరింట్లో చూసినా అదే ప్రశ్న. నవ్వులు ఆగిపోయాయి.

బంగార్నాయుడూ నేనూ మలుపులు తిరిగే బస్సెక్కి కొండల ఆఫీసుకి వెళ్లాం. పద్మనాభమూర్తి గారు కుర్చీ చూపించి, మా అర్జీ చదివి, మమ్మల్ని జాలిగా చూశారు.

"నీరు పల్లమెరుగును. ఇది ఉత్తర్వు కాదు, ప్రకృతి ధర్మము. మీ గ్రామమునకు నీరు పారినచో రికార్డు తప్పగును, లేనిచో నీరు తప్పగును. సంస్థ యందలి రికార్డులు తప్పు కాజాలవు."

"సేలు ఎండిపోతన్నాయి బాబూ" అన్నాడు బంగార్నాయుడు.

"పర్వతములపై వరి పండుట అపురూపమైన విషయమే. ఎండుట సహజము."

అప్పుడు, దీపం ముందు తోచని జవాబు నాకు అక్కడ తోచింది. "తమరు ఆవేళ దేవుడి మాటన్నారు బాబూ. దేవుడు కనపడకపోయినా ఎవుల నీళ్లూ ఆపడు. ఈ కొండ కనపడకుండానే ఆపీసింది. దేవుడూ ఇదీ ఒకటెలగవుద్ది?"

జగ్గారావు గారికి దగ్గొచ్చింది. పద్మనాభమూర్తి గారు అర్జీ మడిచి పక్కన పెట్టారు. ఆయన చెడ్డమనిషి కారు. మా కోసం మంచినీళ్లు తెప్పించారు. మేము తాగాం.

"మీ గ్రామమును కొండతనము నుండి తప్పించుటకు ఒకే మార్గము. ఆ సందులో వేరొక కొండ యుండవలెను. శ్రేణి దాని మీదుగా పోయినచో మీరు మరల మైదానమగుదురు. కాని అచట కొండ లేదు కదా?"

"అసలు కొండంటే ఏటి బాబూ?" అన్నాను. ఎదిరించి అడిగింది కాదు. నిజంగానే తెలియక అడిగాను.

ఆ ప్రశ్న అక్కడ అంతకుముందు ఎవరూ అడగలేదట. జగ్గారావు గారు బీరువాలు దులిపి ఒక నిబంధనల పుస్తకం తెచ్చారు. అధికారి చదివారు. "కొండ అనగా, చుట్టునున్న నేల కన్న ఎత్తై, శిలలచే ఏర్పడి, జనులచే ఒక పేరుతో పిలువబడి పూజింపబడుచు, సంస్థాధికారి సమతలమున నిలిచి చూచినపుడు ఆవలి వైపు కనిపించకుండునట్టిది."

బంగార్నాయుడూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"రాళ్లమ్మ" అన్నాం ఇద్దరం.

మర్నాటి మధ్యాహ్నానికి జీపు వచ్చింది. ఊరంతా రాళ్లమ్మ చుట్టూ చేరింది. రోజూ అక్కడ దీపం పెట్టే సన్యాసమ్మ, చాటంత పసుపు బొట్టుతో, అమ్మవారి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. శిలలు సరిపోయాయి. పేరు సరిపోయింది. పూజ సరిపోయింది. పద్మనాభమూర్తి గారు బండిదారి మీద నిటారుగా నిలబడి పోగు మీదుగా చూశారు.

"ఆవల ఒక తల కనిపించుచున్నది."

"అది మా సేలో దిష్టిబొమ్మ బాబూ. మనిషి కాదు" అన్నాను.

"తల తలయే."

"జగ్గారావు బాబుని సూడమనండి" అన్నాడు బంగార్నాయుడు ఆశగా. జగ్గారావు గారికి పోగు తప్ప ఇంకేమీ కనపడదని అందరికీ తెలుసు.

"చూచు అధికారము నాకు మాత్రమే కలదు. జానెడు తక్కువైనది. చింతించుచున్నాను. నేటితో శ్రేణి పటము ముద్రణకు పోవును."

జానెడే కదా అని నలుగురు కుర్రాళ్లు అప్పటికే రాళ్లు ఎత్తారు. బంగార్నాయుడు అందరికన్నా పెద్దది ఎత్తాడు.

"కింద ఎట్రా బంగారీ" అంది సన్యాసమ్మ, లేవకుండానే. "నీకేటి మొక్కుందని ఏస్తన్నావు?"

"ఊరి కోసం అప్పా!"

"ఊరి కోసమైతే ఊర్లో ఎట్టుకో. అమ్మకాడ అవసరానికి రాయెయ్యరు. మొక్కుంటేనే ఎయ్యాల."

"అయితే ఇప్పుడే మొక్కుకుంటాను. నీళ్లు రావాలని మొక్కి, ఇప్పుడే ఏసీస్తాను."

"కోరిక తీరాక ఇచ్చేది మొక్కురా. ముందే ఇచ్చీసేది లంచం."

పద్మనాభమూర్తి గారు ఎందుకో కండువా సర్దుకున్నారు. తర్వాత, "ఆమె పలికినది నిబంధనలకు అనుగుణము" అన్నారు. "కొండను కృత్రిమముగా పెంచుట నిషిద్ధము. ఆచారము ననుసరించి పెరిగినచో ఆక్షేపణ లేదు. సూర్యాస్తమయము వరకు వేచియుండెదను." జీపు నీడలో కుర్చీ వేయించుకున్నారు.

తీరని మొక్కు ఎవరికుందా అని ఊరంతా వెతుకులాట మొదలైంది. మా ఊళ్లో చేబదుళ్లు ఎగ్గొట్టినవాళ్లున్నారు, అరువు తెచ్చిన పప్పు తిరిగివ్వనివాళ్లున్నారు. రాళ్లమ్మకి బాకీ పడ్డవాడు మాత్రం కనపడలేదు. అందరూ భయభక్తులున్నవాళ్లు. అది ఇంత ఇబ్బంది తెచ్చిపెడుతుందని ఎవరనుకుంటారు?

"ఆలోసించుకోరా అసిరీ, నీ రెండో గుంట పుట్టినప్పుడు మొక్కలేదేటి?" అన్నాడు బంగార్నాయుడు.

"మొక్కినాను మావా. మూడోనాడే తీర్చీసినాను."

"అంత తొందరేటొచ్చిందిరా నీకు! తాతా, నీకు పాము కరిసింది కదా?"

"కరిసింది. అదే ఆ తెల్లరాయి. నీ పుట్టుకకి ముందు ఏసినాను" అని తాతయ్యలు గర్వంగా పోగు అడుగున చూపించాడు. బంగార్నాయుడు తల పట్టుకున్నాడు.

ఎండ చల్లబడుతోంది. నేను ఒక మూల నిలబడి నా చేను వైపు చూస్తున్నాను. రోజూ కళ్లముందున్నది కళ్లకి కనపడదంటారు. నిజంగానే నాకు గుర్తు రాలేదు. వెనకనుంచి నూకరత్నం వచ్చి నా మోచెయ్యి గిల్లింది.

"బావా. మనింటి పెరటి తలుపుకాడ ఏటుంది?"

మెల్లిగానే అంది. కాని ఊరంతా విన్నది. తలలన్నీ నా వైపు తిరిగాయి. ఏటా పండగనాడు నేను తల వంచుకుని తిరిగేవాణ్ణి. అలాంటి నన్ను బంగార్నాయుడు వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"సిమ్మాద్రీ! ఊరికొక్క బాకీదారుడు! మా నాయనే, ఇన్నాళ్లూ ఎంత ఓర్సుకుని దాసినావురా!"

పరుగున ఇంటికెళ్లి రాయి ఎత్తాను. కండువా చుట్ట చేసి తల మీద పెట్టుకున్నాను. నాలుగేళ్ల పిల్లవాడి బరువు. నన్ను నేనే ఎత్తుకున్నట్టుంది. కుర్రాళ్లు పట్టుకుంటామని వచ్చారు. వద్దన్నాను. దారి పొడవునా ఆడవాళ్లు రాయి మీద పసుపునీళ్లు పోశారు. అవి నా ముక్కు మీంచి కారుతున్నాయి.

సన్యాసమ్మ అప్పుడు లేచింది. రాయి మీద చెయ్యి వేసి చూసింది.

"ఇది మీ అయ్య తెచ్చింది కదూ? తెచ్చినరోజు నేను సూసినాను. అమ్మ ఎప్పుడూ అడగలేదేట్రా నిన్ను?"

"ఏటా మా ఇంటిది అడుగుతానే ఉంది అప్పా."

"మరి ఇంకెలగ అడుగుతాది?" అంది సన్యాసమ్మ, పక్కకి తప్పుకుంటూ.

నేను పోగు ఎక్కకూడదు కనక, ఊరి వైపు నిలబడి, మునివేళ్ల మీద లేచి, రాయి పైన పెట్టాను. "తల్లీ, మా నాన్న మాట" అన్నాను. చేతులు జోడించి అక్కడే నిలబడ్డాను. నా వెనక ఊరంతా నిలబడింది.

అవతల కుర్చీ కదిలిన చప్పుడైంది.

"మడమలెత్తకూడదండి" అని జగ్గారావు గారి గొంతు.

"ఎత్తుట లేదు." ఆ తర్వాత పద్మనాభమూర్తి గారు అన్నారు, "వ్రాసుకొనుము. ఆవల ఏమియు లేదు."

ఆయనకీ మాకూ మధ్య బండిదారంత దూరం లేదు. నేనున్నాను, నూకరత్నం ఉంది, ఊరుంది, చేలున్నాయి, దిష్టిబొమ్మ ఉంది. కామేశం మాస్టారు గుర్తొచ్చారు. పాపం ఆయన్నీ ఎవరో ఏదో రాయికి అవతలి పక్క నిలబెట్టి ఉంటారు. నా అనుమానం అలా తీరింది.

"ఏమీ నేదు బాబూ!" అని ఊరంతా సంతోషంగా అరిచింది.

పొద్దు గుంకే లోపల తూము లేచింది. అసిరయ్య లేపి, ముందు తన చేను వైపు కాక మా చేను వైపు చూసి నవ్వాడు. నీళ్లు మళ్లలోకి దిగుతుంటే నేలంతా గుక్కలు వేసిన చప్పుడు. మర్నాడు మా ఊరు మైదానమని ఉత్తర్వు వచ్చింది. శ్రీ ఉదయాస్తమయ సమన్వయ పర్వతశ్రేణి ఇప్పుడు రాళ్లమ్మ మీదుగా ఎడతెగకుండా పోతోంది. మలుపుల బోర్డులు మాత్రం తీసెయ్యలేదు. బస్సు ఇప్పటికీ తిరుగుతుంది. పర్వతారోహణ సంఘం వాళ్లు తాళ్లతో రాళ్లమ్మ దగ్గరకి వస్తే, అమ్మవారి మీద కాలు పెట్టనివ్వకుండా సన్యాసమ్మ వాళ్ల చేత చుట్టూ ప్రదక్షిణలు చేయించి, క్షేమంగా ఇల్లు చేరితే ఒక్కో రాయి వేస్తామని మొక్కించి పంపుతోంది. అందరూ క్షేమంగానే చేరుతున్నారు. కాబట్టి మా కొండ పెరుగుతోంది.

నీళ్లు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం భోంచేసి పెరటి వసారాలో మంచం వాల్చాను. గాలి జోరుగా ఉంది. అడ్డం లేని తలుపు దబదబా కొట్టుకుంటోంది. నూకరత్నం చేట పక్కన పెట్టి, "ఏటి ఎట్టమంటావు బావా తలుపుకి?" అందట. రోకలి ఎట్టమంటావా, పీట ఎట్టమంటావా అని కూడా అడిగిందట.

నేను వినలేదు. కంటినిండా నిద్రపోయాను.